ఫ్లెక్సీలో నా నవ్వు

విడాకుల కేసు తేలేదాకా నెలనెలా భరణం ఇప్పించమని నా భార్య కోర్టునడిగింది. ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నానని నేను కౌంటరు వేశాను. ఆమె వకీలు ఒక ఫొటో తీసి చూపించాడు. అమీర్‌పేటలో నేను కోర్సు చేసిన కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ అది. ‘ఉద్యోగం సాధించిన మా విద్యార్థులు’ అన్న అక్షరాల కింద నేను నవ్వుతున్నాను. ఏ ఉద్యోగం? నా మొహం.

అది అబద్ధమని రాసిమ్మని సెంటర్ ఓనర్‌ను బతిమాలాను.

“గట్ల రాసిస్తే రేపు నా దగ్గరికి ఎవడొస్తడన్నా? నా పొట్ట కొట్టకు,” అన్నాడు.

బయటికొచ్చి ఫ్లెక్సీ చింపబోయాను. చెయ్యి అందలేదు. నవ్వుతున్న ఫొటో కావాలని కోర్సు చేస్తున్నప్పుడు ఓనర్ అడిగితే, నా దగ్గర అదొక్కటే దొరికింది. తీసింది నా భార్యే.