కోట కొండకూ వట్టికాళ్లే

కోపం నా ముక్కు మీదే కాపురముండే రోజులవి. (ఇప్పుడు మారానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.) డిగ్రీ చదువుతున్నాను. మరుసటి రోజు పొద్దున చిత్తూరులో జిల్లా పరుగు జట్టుకు ఎంపిక. రెండేళ్లుగా దాని కోసమే బతికాను. చివరి సాధనగా చంద్రగిరి కోట కొండ ఎక్కి దిగుదామని బయలుదేరితే, నాయన కూడా వెంట వచ్చాడు. ఆయనది తిరుమలలో ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా అలిపిరి మెట్లను వట్టికాళ్లతో ఎక్కుతున్న మనిషి.

కొండ కింద మామిడితోట దగ్గర ఆగి, "బూట్లు ఇడువురా" అన్నాడు. "ఇది రాజుల కోట నాయనా, గుడి కాదు!" అన్నాను. "కోటైతే ఏమి? కొండ కొండే. చెప్పులేసుకుని కొండెక్కేది మన ఇంటా వంటా లేదు." ఇరవయ్యేళ్లొచ్చినా ఆయన మాట కాదనే ధైర్యం నాకు లేదు. పళ్లు కొరుక్కుంటూ బూట్లు విప్పి తోట కాపలాదారు దగ్గర పెట్టాను.

మే నెల మధ్యాహ్నం. బండలు పెనంలా కాలుతున్నాయి. నేను గెంతుతూ, లోలోపల తిట్టుకుంటూ ఎక్కుతుంటే, నాయన మాత్రం మలుపు మలుపుకూ "గోవిందా!" అంటూ హాయిగా పోతున్నాడు. ఎదురొచ్చిన తమిళ కుర్రాళ్లు కూడా (బూట్లేసుకునే!) "గోవిందా!" అని బదులిచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. తీరా పైన ఏముంది? కూలిన గోడలు, నాచు పట్టిన నీటిగుంట. నాయన సంచిలోంచి కర్పూరం తీసి, అటూ ఇటూ చూసి, "దేవుడు యాడుండాడ్రా?" అన్నాడు.

"యాడా లేడు! ముందే చెప్పినాను కదా! నా కాళ్లు చూడు. రేపు నేనెట్ల పరిగెత్తేది?" అని కొండ దద్దరిల్లేలా అరిచాను. రెండు అరికాళ్ల నిండా బొబ్బలు. నాయన ముఖం పాలిపోయింది. కర్పూరం సంచిలో వేసేసి, తన పైపంచె రెండుగా చించి, నా ముందు గొంతుక్కూర్చుని కాళ్లకు కట్టాడు. మర్నాడు మైదానం పక్కన కూర్చుని వేరేవాళ్లు పరిగెత్తడం చూశాను. నెల రోజులు నాయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ కొబ్బరినూనె గిన్నె నా మంచం పక్కన పెట్టి వెళ్లిపోయేవాడు. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది.

నాయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న నా కూతురు కోట చూస్తానంటే అదే కొండకు తీసుకెళ్లాను. మామిడితోట దగ్గర అది ఉన్నట్టుండి, "ఏం చేస్తాండావు నాయనా? ఇదేమన్నా గుడా?" అంది. కిందికి చూసుకుంటే, అప్పటికే ఒక బూటు విప్పేసి ఉన్నాను. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను, ఆయన మీదో నా మీదో తెలియలేదు. "నువ్వు ఏసుకునే రామ్మా, కాళ్లు కాల్తాయి" అని, రెండో బూటు కూడా విప్పేశాను.