చేటెడు తవుడు

మునెమ్మకు ఇద్దరమ్మలు. ఇద్దరి మధ్యా ఒక కాలవ. తిరుపతిలో ఇడ్లీ కొట్టు పెట్టి ముప్పై ఏళ్లయినా, తను ఏ గట్టు మనిషో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

వడమాలపేట పక్క పల్లె అది. ఆమెకు ముందు ఇద్దరు ఆడబిడ్డలు పురిట్లోనే పోయారు. ఈ బిడ్డయినా దక్కాలని తల్లి కాలవ దాటి, పిల్లల్లేని రాఘవమ్మకు చేటెడు తవుడుకు అమ్మేసింది. మృత్యువు కళ్లుగప్పడానికి ఆడే నాటకం అంతే. సాయంత్రానికే బిడ్డను తిరిగి ఎత్తుకొచ్చి తనే పెంచుకుంది. పెళ్లిలోగా చేటెడు తవుడు వెనక్కిచ్చేస్తే అమ్మకం రద్దు. ఈ సంగతి పెద్దవాళ్లకు తెలుసు, పిల్లకెవరు చెప్పారు?

పిల్ల నిజంగానే అమ్ముడుపోయాననుకుంది. అమ్మ తిట్టిందంటే చాలు, తాటిదూలం మీదుగా అటు గట్టుకు పరుగు. "నన్ను కొన్నావు గదా, సంగటి పెట్టు" అని రాఘవమ్మ వాకిట్లో కూలబడేది. రాఘవమ్మ నవ్వి, "రావే తవుడూ" అని లోపలికి పిలిచేది. కాలవకు నీళ్లొదిలితే దూలం మునిగేది, పిల్ల రెండు రోజులు అక్కడే ఉండిపోయేది. రెంటికీ చెడ్డ రేవడిని చూశాం గానీ రెండిళ్లా తిన్నదాన్ని చూడలేదని ఊళ్లో ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. ఓసారి బాగా జ్వరమొచ్చింది. రాత్రంతా నుదుటి మీదున్న చెయ్యి ఎవరిది? ఎంత తలుచుకున్నా గుర్తురాదు. గాజుల చప్పుడు మాత్రం గుర్తుంది. కానీ ఇద్దరూ ఒకే గాజులామె దగ్గర తొడిగించుకునేవాళ్లాయె!

మునెమ్మ పెళ్లికి ముందే కన్నతల్లి పోయింది. ఆ హడావుడిలో తవుడు సంగతి అందరూ మరిచారు.

ఈ పొద్దున రాఘవమ్మ పోయిందని కబురొచ్చింది. బస్సు దిగేసరికి అన్న ఏకాంబరం చేతిలో సంచి.

"ఇందా మే, తవుడు. ఇప్పుడన్నా ఆయమ్మ కాళ్లకాడ పెట్టేసెయ్. లేకుంటే నువ్వు ఆ ఇంటి కూతురివే అయితావు. మైల పట్టాల."

మునెమ్మ సంచి పుచ్చుకుని నడిచింది. తాటిదూలం లేదు, సిమెంటు వంతెన వచ్చింది. అయినా మధ్యలో ఆగింది. ఇచ్చేస్తే తను రాఘవమ్మకు ఏమీ కాకుండా పోతుంది. ఇవ్వకపోతే కన్నతల్లికి ద్రోహమా? యాభై దాటిన మనిషికి ఇదేం తికమక అని నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వాకిట్లో రాఘవమ్మను పడుకోబెట్టి ఉన్నారు. మరిది కొడుకు మునిప్రసాద్ బియ్యం గిన్నె పట్టుకుని, "నోట్లో బియ్యం పొయ్యాల. కూతుర్లు ఎవురన్నా ఉండారా?" అన్నాడు. అడగాలి కాబట్టి అడిగాడు. లేరని ఊరందరికీ తెలుసు.

మునెమ్మ సంచి తీసుకెళ్లి, వెనకే వచ్చిన అన్న చేతిలోనే పెట్టింది.

"నువ్వే ఎత్తుకపోన్నా. నేను బతకాలనే గదా అమ్మ నన్ను అమ్మింది? బతికే ఉండాను. బేరం యాడ తప్పినాది?"

తర్వాత మునిప్రసాద్ వైపు తిరిగింది.

"ఉండాను" అని గిన్నెలో చెయ్యి పెట్టింది.