జేజిన్ కనిపెట్టిన రోజులు

ఆ రోజుల్లో సైంటిస్టు అంటే నా మనసులో ఒకే బొమ్మ ఉండేది: తెల్లకోటు వేసుకుని, గాజు గొట్టాన్ని వెలుగుకు పట్టి చూస్తూ, దేని గురించో లోతుగా ఆలోచిస్తున్న మనిషి. ఆ కోటుకు వాసన వస్తుందని ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయలేదు. అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, బెంగళూరులో వైట్‌ఫీల్డ్ అవతల ఒక చిన్న పరిశోధన కంపెనీలో చేరాక ఆ సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసింది. నాతో పాటు బస్సులో తిరిగే జనానికి ఇంకా ముందే తెలిసింది. ఇప్పటిలా మెట్రో లేదు కాబట్టి సాయంత్రం మెజెస్టిక్ బస్టాండు దాకా బస్సులో కూర్చోవాల్సిందే. ఎంత రద్దీ ఉన్నా నా పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉండేది. (బెంగళూరు వాళ్లు ఆడపిల్లలకు భలే గౌరవం ఇస్తారని మా అమ్మకు ఫోన్లో చెప్పాను కూడా.)

మా పని సముద్రంలో దొరికే మెత్తటి పగడాల నుంచి మందులకు పనికొచ్చే రసాయనాలు వెతకడం. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి ఒక్కటే కాదు. తోలు ముక్కలాగా, ముడుచుకున్న చేతివేళ్లలాగా మెత్తగా ఉండే రకాలు కూడా ఉన్నాయి. తీరంలోని ఒక సంస్థవాళ్లు అనుమతులు తీసుకుని వాటిని సేకరించి, ఆల్కహాల్‌లో ముంచి, ప్లాస్టిక్ డబ్బాల్లో మాకు పంపేవాళ్లు. వాటిని ముక్కలు కోయడం, నానబెట్టడం, వడగట్టడం, ఆల్కహాల్‌ను ఆవిరి చేసి అడుగున మిగిలిన పచ్చటి జిగురులోంచి ఒక్కో పదార్థాన్నీ విడదీయడం నా వంతు. డబ్బా మూత తీయగానే, ఎండబెట్టిన చేపల పక్కన ఎవరో అయోడిన్ సీసా పగలగొట్టినట్టు ఉండేది. మా బృందానికి పెద్ద కోలారు వైపు మనిషి, తెలుగు చక్కగా మాట్లాడేవాడు. ఆయన్ను పెద్దసారు అనేవాళ్లం. ఆయనకూ నాకూ మధ్య, పని నేర్పడానికి నెల్లూరక్క అనే సీనియర్ ఉండేది.

నేనుండేది కాటన్‌పేటలో, మా అమ్మమ్మ చెల్లెలింట్లో. ఆమెను అందరం జేజి అనేవాళ్లం. కింద అంగడిలో ఆమె కొడుకు, అంటే మా మామ, అగరుబత్తీలు హోల్‌సేల్‌గా అమ్మేవాడు. పైన ఇల్లు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో గుడ్డు అనే మాట కూడా గొంతు తగ్గించి పలికేవాళ్లు. ఆ ఇంట్లో ఉంటేనే ఉద్యోగం, లేకపోతే వెనక్కొచ్చి బీఈడీ చేసి టీచరువి కావాలి అని మా నాన్న ముందే షరతు పెట్టాడు. ఆయన అనంతపురంలో కరెంటాఫీసులో పనిచేసేవాడు. కెమిస్ట్రీ ఉద్యోగమంటే ఆయనకు గొప్ప నమ్మకమేమీ లేదు.

కింద అంత గంధం, మల్లె, సాంబ్రాణి పరిమళం ఉన్నా, నేను మెట్లెక్కి వస్తే నా వాసనే గెలిచేది. కొన్నాళ్లు జేజి ఏమీ అనలేదు. ఒక సాయంత్రం మాత్రం నన్ను వంటింటి గడప దగ్గరే ఆపి, ఎంతో మెత్తగా అడిగింది.

"ఏమి తినొచ్చినావు పాపా? నిజం చెప్పు, నేనేమీ అనను."

నేనేమీ తినలేదని, అది ఆఫీసులో ముట్టుకునే వస్తువు వాసనని చెప్పాను. ఆ వస్తువేమిటంది. పగడమన్నాను. పగడం వాసన రాదే అని మెడలో పగడాల దండ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అది రాయి కాదని, సముద్రంలో ఒకే చోట అతుక్కుని బతికే చిన్నచిన్న ప్రాణుల గుంపని, ఆమె మెడలో ఉన్నది అట్లాంటి ప్రాణులు కట్టుకున్న ఎముకల గూడని, నేను కోసేది దానికి దగ్గర చుట్టమని వివరించాను. నాకు కొత్తగా వచ్చిన జ్ఞానం, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు. జేజి దండ తీసి బీరువాలో పెట్టింది. నా బట్టలు సర్దుకోమంటుందేమోనని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాను. కొన్నాళ్లకు దండ మళ్లీ ఆమె మెడలో కనిపించింది. పసుపునీళ్లతో కడిగి వేసుకున్నానని, పెళ్లప్పటి దండ తీసెయ్యడానికి మనసొప్పలేదని మామతో చెబుతుంటే విన్నాను. ఎముకను మెడలో వేసుకుని, వాసనొస్తోందని నన్ను వెళ్లగొట్టడం బాగుండదనుకుందో ఏమో, వెనక బాత్రూములో తలస్నానం చేశాకే ఇంట్లోకి రావాలన్న నియమంతో నా విషయం తేల్చేసింది. అప్పటినుంచి నా పనిమీద ఆమెకు ఒక ఆసక్తి కూడా మొదలైంది. ఆ ప్రాణుల్లోంచి మందు వస్తుందంటే మోకాళ్ల నొప్పికి ఏమైనా ఉండాదా అని అప్పుడప్పుడు అడిగేది. చూద్దాం జేజీ అనేదాన్ని, నా చేతిలో ఉన్నట్టు.

ఇంతలో నెల్లూరక్క కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. పెద్దసారు ఏదో సదస్సుకని ఊరు దాటాడు. ల్యాబులో ఆ పనికి నేనొక్కదాన్నే మిగిలాను. సరిగ్గా అప్పుడే నా గాజు గొట్టంలోంచి రంగులేని చిక్కటి నూనె ఒకటి విడిగా దిగింది. అంతవరకు నాకు వచ్చినవన్నీ పచ్చగా, బురదగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉండేవి. ఇది మాత్రం, పదార్థాలు విడివిడి మచ్చలుగా కనిపించే పరీక్ష పలక మీద ఎన్నిసార్లు చూసినా ఒక్కటే మచ్చ, గుండ్రంగా, బొట్టు పెట్టినట్టు. అణువు ఎట్లా అమరి ఉందో గీతల్లో చెప్పే యంత్రానికి పంపితే గ్రాఫ్ అంతకంటే శుభ్రంగా వచ్చింది. ముగ్గు వేసినట్టుందని నాకు నేనే అనుకున్నాను. మెత్తటి పగడాల మీద దొరికిన పరిశోధన వ్యాసాలన్నీ తిరగేశాను. ఇలాంటి పదార్థం ఏ పగడంలోనూ ఎవరూ చూపించలేదు. (పగడాల వ్యాసాల్లోనే ఎందుకు వెతికానంటే, ఇంకెక్కడ వెతకాలో నాకు తోచలేదు.)

కొత్త పదార్థం కనిపెట్టినవాళ్లకు దానికి పేరు పెట్టే హక్కు ఉంటుంది. ఆ పేర్లు చాలావరకు 'ఇన్' అనో 'ఆల్' అనో ముగుస్తాయి. నేను గ్రాఫ్ మీద, నా చేతనైనంత అందంగా, 'జేజిన్' అని రాశాను.

ఆ సాయంత్రం తలస్నానం కూడా చేయకుండా పైకెళ్లి చెప్పాను. జేజికి సగమే అర్థమైంది, కానీ తన పేరు ఒక మందుకు పెట్టారన్న సగం బాగా అర్థమైంది. మరుసటి రోజు ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి వీధిలో పంచింది. మామ అంగడికి వచ్చిన బేరగాళ్లకు కూడా చెప్పాడు. నాన్నకు కూడా ఫోన్ చేశాను. ఇన్నాళ్లూ నా దగ్గర ఎప్పుడూ వాడని గొంతుతో, "సరేమ్మా, ఇంక బీఈడీ సంగతి వదిలేద్దాం. నువ్వక్కడే ఉండు" అన్నాడు. ఆయన ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడని, పై అధికారి కూడా సీటు దగ్గరకొచ్చి చెయ్యి కలిపాడని అమ్మ చెప్పింది. అధికారులు తనకు చెయ్యి కలపడం ఆయనకు అలవాటైన విషయం కాదు.

పెద్దసారు వచ్చిన రోజు గ్రాఫ్‌ను కొత్త ఫైల్లో పెట్టి ఆయన టేబుల్ మీద ఉంచి, ఎదురుగా నిలబడ్డాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఎంతోసేపు చూడాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

"ఈ శాంపిల్ ఏ డబ్బాలో వచ్చింది?" అన్నాడు.

తెచ్చి చూపించాను. మూత తిప్పి, లోపలి అంచున మెత్తగా ఉన్న ప్లాస్టిక్ రింగును గోటితో నొక్కి చూశాడు.

"ఇది పగడం చేసింది కాదమ్మా. ప్లాస్టిక్ గట్టిపడకుండా మెత్తగా ఉండడానికి దాంట్లో ఒక నూనె కలుపుతారు. ఆల్కహాల్ దాన్ని లాగేసుకుంది. అంతే."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన వాదించలేదు. పగడం లేకుండా ఉత్త ఆల్కహాల్‌ను అదే డబ్బాలో పోసి, కొన్నాళ్లు ఉంచి, అదే పరీక్ష చేయమన్నాడు. చేశాను. అదే ఎత్తులో, అంతే గుండ్రంగా, అదే బొట్టు. పగడమే లేని జేజిన్. ఆ పలక పట్టుకుని వెళితే ఆయన చూసి, ఫైల్లోని గ్రాఫ్ మీద నేను రాసిన పేరు చూపించి అడిగాడు.

"జేజి అంటే ఎవరు?"

"మా అవ్వ సార్."

"ఆమెకు చెప్పేశావా?"

"వీధంతా చెప్పేశాం సార్."

ఆయన ఫైల్ మూసి, కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. నవ్వును అంత మర్యాదగా దాచుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రం బస్సులో రాజీనామా మాటలు ఇంగ్లీషులో కూర్చుకుంటూ వచ్చాను. ఇంటికొస్తే చాప మీద జేజి, ఆమె పక్కన వీధిలోని ఇద్దరు పెద్దావిడలు, ముగ్గురూ కాళ్లు చాపుకుని నాకోసమే ఎదురుచూస్తున్నారు. మందు మాత్రల్లాగా వస్తుందా, రుద్దుకునే నూనెలాగా వస్తుందా అని వాళ్ల సందేహం. కూర్చుని జరిగినదంతా చెప్పాను. ఆ ఇద్దరిలో పెద్దావిడ, "అంటే ప్లాస్టిక్ బక్కెట్లో ఉండే నూనెనా?" అని అడిగింది. దాదాపు అంతేనన్నాను. ఆమె మోకాళ్ల మీద చీర సర్దుకుంది.

జేజి మాత్రం వేరే సంగతి పట్టుకుంది. "అయితే ఆ ప్రాణి ఏమీ చేసుకోలేదా? ఊరికే ఉండాదా?"

చేసుకుంటుందని చెప్పాను. దానికి కాళ్లు లేవు, పారిపోలేదు. పైన గట్టి చిప్ప కూడా లేదు. అందుకని ఒళ్లంతా చేదు నింపుకుంటుంది. చేప వచ్చి కొరికితే రుచి నచ్చక ఉమ్మేసి పోతుంది. మేము వెతికేది ఆ చేదునే. నాకది ఇంకా దొరకలేదు.

జేజి దండలోని పగడాలను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య జరుపుతూ విన్నది. "ఇంకేమప్పా మరి. మన మోకాళ్ల కోసరం చేసుకున్యాదా అది? దాని బతుకు కోసరం అది చేసుకొనుండాది. దొరికితే దొరుకుతాది, లేకుంటే లేదు. నువ్వు పోయి తలకు పోసుకో, వాసనొస్తా ఉండావు."

మిగిలింది నాన్న. ఫోన్లో ఆయనకూ జరిగినదంతా చెప్పాను. ఇంటికి రమ్మంటాడనుకున్నాను. కానీ నేను తిరిగొచ్చి బీఈడీలో చేరితే, కూతురు ఎందుకొచ్చిందో ఆయన ఆఫీసులో చెప్పాలి. చెయ్యి కలిపిన అధికారికి కూడా చెప్పాలి. ఆ లెక్కంతా ఆయన మౌనంలో నాకు వినిపిస్తూనే ఉంది. "ఆఫీసులో ఎవరూ అడగరులే," అన్నాడు చివరికి. "నువ్వక్కడే ఉండి ఇంకోటేదైనా చూడు." అట్లా లేని పదార్థం ఒకటి నా ఉద్యోగాన్ని నిలబెట్టింది.

తర్వాత డబ్బాలు గాజువి తెప్పించుకున్నాం. నెల్లూరక్క పాపతో వచ్చి చూసేనాటికి ఆ పగడంలోని అసలు చేదు కూడా నాకు దొరికింది, గోటి మీద పట్టేంత తెల్లటి పొడి. అది ఎంతోకాలం కిందటే ఎవరో కనిపెట్టి, పేరు కూడా పెట్టేసినది. ఆ పేరు పలకడం నాకు ఇప్పటికీ కష్టమే.

ఇప్పుడు నేను సర్జాపుర రోడ్డులో మరో కంపెనీలో, ఇతరులు చేసిన పని సరిగ్గా ఉందో లేదో చూసే ఉద్యోగంలో ఉన్నాను. నా దగ్గరికొచ్చే గ్రాఫులన్నీ ముందే అనుకున్నట్టు ఉంటాయి, ఉండాలి కూడా. ఎప్పుడో ఒకసారి కొత్తగా చేరిన పిల్ల ఒకతె, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా, శుభ్రమైన గ్రాఫ్ ఒకటి పట్టుకుని పరుగున వస్తుంది. చూడగానే అదేమిటో నాకు తెలిసిపోతుంది. చెప్పాలి, చెబుతాను కూడా. కానీ వెంటనే చెప్పను. ముందు టీ తాగుదాం రామ్మా అంటాను. ఆ పిల్ల కప్పు ముట్టుకోకుండా చేతులు తిప్పుతూ మాట్లాడుతూనే ఉంటుంది. ఆ టీ అయ్యేదాకా ఆమె ముఖం చూస్తూ కూర్చుంటాను. ఈమధ్య నేను టీ కొంచెం నెమ్మదిగా తాగుతున్నాను.