రెక్కలున్న మామ, రాని ప్రమోషను

పోయిన నెల మా పొలం కౌలు సంగతి మాట్లాడటానికి తిరుమణిలోని సోలార్ కంపెనీ ఆఫీసుకు వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ చూసే పెద్దమనిషి చొక్కా మీద ప్యారాచూట్‌కు రెండు రెక్కలున్న బ్యాడ్జి కనిపించింది. సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాడట. అది ఊరికే దొరికే బ్యాడ్జి కాదని నాకు తెలుసు. మా మేనమామ దానికోసం ఎంత నలిగాడో, అది పెట్టుకున్నాక ఏమయ్యాడో చూసినవాణ్ణి.

మంగళవాడలో వేరుశనగ పండించుకునే ఇంటి నుంచి ఆర్మీ ఆఫీసరైనవాడు మా మామ ఒక్కడే. అది చాలదన్నట్టు కమాండోల్లో చేరాలనుకున్నాడు. నెలల తరబడి నిద్ర లేకుండా, వీపు మీద బరువుతో పరుగెత్తించే ఆ శిక్షణలో చాలామంది మధ్యలోనే వెనుదిరుగుతారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు కూడా మోకాలు వాచి పాత పటాలానికి వెళ్ళిపోయాడు. మామ నెగ్గాడు. కమాండోల మెరూన్ టోపీతో, రొమ్ము మీద రెక్కలతో సెలవుకు వచ్చిన రోజున, ఈయన జనరల్ కావడం ఖాయమని పావగడ బజారులో మాకు బట్టలమ్మే శెట్టి తేల్చేశాడు. బజారులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కానీ సైన్యంలో పైకి పోయే దారి వేరు. కల్నల్ కావాలంటే పెద్ద ఆఫీసర్ల బోర్డు ఎంపిక చేయాలి. అక్కడ రెక్కలకు గౌరవం ఉన్నా, స్టాఫ్ కాలేజీలో చదివినవాళ్ళ వైపే మొగ్గు ఎక్కువ. ఆ కాలేజీ ప్రవేశ పరీక్షకు చదువుకోవడానికే ఒక వేసవిలో మామ సెలవు పెట్టి వచ్చాడు. వసారాలో మంచం నిండా మ్యాపులూ పుస్తకాలే. చింతపండు ఆరబెట్టుకోవడానికి చోటు లేకుండా చేశాడని మా అవ్వ సణుగుడు. అంతలో యూనిట్ నుంచి ఫోనొచ్చింది. ఆయన తీర్చిదిద్దిన టీము సరిహద్దు కొండల్లోకి వెళ్తోంది. వేరే ఆఫీసరును పంపుతున్నాం, నువ్వు పరీక్ష రాసుకో అని కమాండరే చెప్పాడు. మామ ఫోను పెట్టేసి బట్టలు సర్దుకోసాగాడు.

“ఇదే ఆఖరి అవకాశమని మీరే చెప్తిరి కదా. రాసి పోండి,” అంది అత్త.

“వాళ్ళకు నేర్పినోణ్ణి నేను. కొత్తాయప్ప వెనక ఎట్ల పోతారు?”

“వాళ్ళు పోతారు. మీరే ఈడ ఉండలేరు.”

మామ పెట్టె మూత వేశాడు. మధ్యాహ్నం పావగడ బస్సెక్కాడు. అత్త వాకిట్లోకి కూడా రాలేదు. పుస్తకాలన్నీ దుప్పట్లో మూటగట్టి అటక మీద పెట్టించింది.

టీములో అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. కొన్నేళ్ళకు బోర్డు కూర్చుంది. స్టాఫ్ కాలేజీలో చదివొచ్చిన స్నేహితుడు కల్నల్ అయ్యాడు, మామ కాలేదు. లెఫ్టినెంట్ కల్నల్‌గానే రిటైరై ఊరికొచ్చాడు. “రెక్కలున్నోడివి, పైకి పోలేదేందప్పా?” అని అవ్వ అమాయకంగానే అడిగింది. మామ గట్టిగా నవ్వాడు గానీ, ఆ పూట సంగటి ముద్ద సగం కంచంలోనే ఉండిపోయింది.

ఒకసారి ఆ స్నేహితుడు మంగళవాడకు వచ్చాడు. భోజనాల దగ్గర, “ఆ పొద్దు పరీక్ష రాసింటే నువ్వు నాకన్నా పైన ఉండేవాడివిరా. నాకు చూడు, ఆ టోపీ రాకనే పాయె,” అన్నాడు. ఏళ్ళుగా ఆ బాధ మనసులో పెట్టుకున్న అత్త ఏమంటుందోనని నేను తలెత్తాను. ఆవిడ పులుసు వడ్డిస్తూ, “ఆ పొద్దు ఈయన్ను ఆపింటే పరీక్షా రాసేవాడు కాదు, నిద్రా పోయేవాడు కాదు. తినండన్నా,” అంది. మామ అత్త వైపు చూసి, ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నాడు.

మామ స్నేహితుణ్ణి సాగనంపి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. “నువ్వు పోబట్టే వాళ్ళందరూ తిరిగొచ్చినారా మామా?”

“తెలీదప్పా. నేను పోకపోయినా వచ్చేవాళ్ళేమో. ఎంత ఆలోచించినా తేలదు.”

ఇప్పుడు అవ్వ లేదు. స్నేహితుడూ రిటైరయ్యాడు. కల్నల్‌కూ లెఫ్టినెంట్ కల్నల్‌కూ తేడా మా ఊళ్ళో ఎవరికీ పట్టదు, మామ అందరికీ మిలిటరీ ఆయప్పే. కొన్ని ప్రశ్నలకు కాలం జవాబు చెప్పదు. అడిగేవాళ్ళను ఒక్కొక్కరినే తగ్గించుకుంటూ పోతుంది, అంతే.