సోంపు గిన్నెకు రూపాయి

2010 నుంచి 2014 దాకా మేడ్చల్ హైవే మీద ఒక ఫ్యామిలీ రెస్టారెంటులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. పొద్దున పదకొండుకు ఎక్కితే సాయంత్రం ఐదుకు దిగేదాన్ని. అంతకుముందు ఒక సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరయ్యాను. హోటలు యజమానిని అందరూ సేటు అనేవారు. నన్నెందుకు పెట్టుకున్నాడో మొదటి రోజే చెప్పాడు.

"పెద్దమనిషి కూసుంటే గిరాకీలు చిల్లర కోసం కొట్లాడరమ్మా."

నిజమే, వాళ్ళు కొట్లాడలేదు. కొట్లాట ఎప్పుడూ నేనే మొదలుపెట్టేదాన్ని.

మా దగ్గర బిల్లు ఒంటరిగా వెళ్ళేది కాదు. చిన్న స్టీలు గిన్నెలో సోంపు, చక్కెర పలుకులు పోసి, దాని కింద బిల్లు పెట్టి సర్వర్ తెచ్చేవాడు. గిరాకీ సోంపు నోట్లో వేసుకుంటూ చిల్లర గిన్నెలో వదిలేవాడు. ఆ వదిలింది సర్వర్ జేబులోకి పోయేది. సర్వర్లు నలుగురు. నెలకు మూడున్నర వేలు జీతం. లోపల బిర్యానీ మాస్టరు, అతని అసిస్టెంటు, గిన్నెలు కడిగే ఆమె. ఈ ముగ్గురికీ గిరాకీ మొహం తెలియదు, గిరాకీకి వీళ్ళ మొహం తెలియదు. కాబట్టి టిప్పు కూడా తెలియదు.

గిన్నెలు కడిగే ఆమెది శామీర్‌పేట. భర్త చెరువులో చేపలు పడతాడు. 2012 ఉగాదికి కొత్త వల కొనడానికి ఆమె వెండి పట్టగొలుసులు రెండు వేలకు కుదువ పెట్టింది. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. దసరా లోపల విడిపించుకోకపోతే కరిగిస్తానని షావుకారి చెప్పాడు. ఆమెకు షావుకారి కంటే ఆడబిడ్డ అంటేనే ఎక్కువ భయం.

"బతుకమ్మకు వస్తది పెద్దమ్మా. వచ్చుడు వచ్చుడే నా కాళ్ళు జూస్తది. అవుసలాయనకు గొలుసులు అతుకు పెట్టనిచ్చిన అని అందరికి చెప్పిన. ఆర్నెల్లు అతుకు పెడ్తడా ఎవడన్న?"

నెలకు అరవై చొప్పున ఏడు నెలల మిత్తి నాలుగు వందల ఇరవై. అసలుతో కలిపి 2,420. ఆమె జీతం 2,800. అది ఇంటి అద్దెకు, బియ్యానికి, బస్సుకు సరిపోదు. సరిపోతే గొలుసులు కుదువకు పోవు.

ఆ మే నెలలో బిర్యానీ మాస్టరు వంటింటి గుమ్మంలో నిలబడి సర్వర్లను నిలదీశాడు.

"బిర్యానీ నేను జేసిన. ప్లేటు అక్క కడిగింది. పైసలేమో మీ జేబుల. గిదేం ఇన్సాఫ్ భయ్?"

"మర్యాద మేము జేస్తలేమా మాస్టర్? టిప్పు మర్యాదకు," అన్నాడు పెద్ద సర్వర్.

"అచ్ఛా. అయితే రేపటి సంది నీ టేబులుకు మర్యాదనే వడ్డించు. ముక్కలు నేను వెయ్య."

మరునాటికల్లా నలుగురూ ఒప్పుకున్నారు. పాత మిఠాయి డబ్బాకు మూతలో చీలిక కోసి, తాళం వేసి, గల్లా పక్కన గోడకు కొట్టారు. టిప్పులన్నీ అందులో పడాలి, నెలాఖరుకు ఏడు సమాన పాళ్ళు కావాలి. తాళంచెవి నా కొంగుకు. సేటు కూడా సంతోషించాడు. తన జేబుకు ఖర్చు లేని ధర్మం ఎవరికి చేదు?

జూన్ నెలాఖరుకు డబ్బాలో 4,214 రూపాయలు తేలాయి. మనిషికి 602. ఆమె ఆ నోట్లను ప్లాస్టిక్ కవరులో చుట్టి రవికెలో దోపుకుంది, తడి చేతులు చీరకు మూడుసార్లు తుడుచుకున్నాక. జూలైలో 2,940కి పడిపోయింది. మనిషికి 420. చీపురుపుల్లకు జిగురు పూసి ఎవరో నోట్లు లాగుతున్నారని ఒకరి మీద ఒకరికి అనుమానం. నలుగురు సర్వర్లూ చీపురును చూసిన చూపు, అది ఊడ్చిన ఇన్నాళ్ళలో దాని మీద ఎన్నడూ పడలేదు.

అప్పుడు పెద్ద సర్వర్ ఒక ఉపాయం చేశాడు. డబ్బా మీద దేవుడి పటం అంటించాడు. "ఇగ ఎవడు ముడ్తడో ముట్టుండ్రి," అన్నాడు. మాస్టరు ఊరుకుంటాడా? రెండో పక్క దర్గా పటం అంటించాడు. "నాకు గూడ భయమయ్యేటట్టు ఉండాలె గద," అన్నాడు.

ఉపాయం పారింది. మాలో ఎవరూ ముట్టలేదు సరికదా, గిరాకీలు కళ్ళకద్దుకుని వేయడం మొదలుపెట్టారు. సర్వర్ చేతిలో రెండు రూపాయలు పెట్టడానికి మనసొప్పనివాళ్ళు డబ్బాలో పది వేసి మొక్కారు. ఆగస్టు నెలాఖరుకు 6,860 రూపాయలు. మనిషికి 980.

నేను లెక్క చెప్పగానే సేటు చెప్పులు విడిచి దగ్గరికి వచ్చాడు.

"గిది పంచుకుంటరా? దేవుని పైసలు తింటే కండ్లు పోతయి. గుడి హుండీల ఏసొస్త."

"ఏ దేవునియి సేటు?" అన్నాడు మాస్టరు. "ఇటు మొక్కినోళ్ళెందరు, అటు మొక్కినోళ్ళెందరు? లెక్కుందా?"

"సగం గుడికి, సగం దర్గకు."

"వాళ్ళిద్దరు సగం సగం తీస్కుంటే మాకేం మిగిల్తది? సోంపా?"

గిన్నెలు కడిగే ఆమె నా వైపే చూస్తోంది. ఆ 980 పోతే గొలుసులు కరుగుతాయని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. అందుకని నేను కలగజేసుకున్నాను.

"గుడి ఊడ్చేవాళ్ళకు, ప్రసాదం వండేవాళ్ళకు జీతం ఎక్కడిది సేటూ? హుండీలోది కాదా? వాళ్ళ కళ్ళు పోయాయా?"

సేటు రెండు పటాలకూ దండం పెట్టాడు. "నిజమే అమ్మా. నాకు తోచలే," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నా వాదనను అంత మర్యాదగా ఒప్పుకున్న పై అధికారిని నేను చూడలేదు.

సెప్టెంబరు అయిదో తారీఖున జీతాలిచ్చాడు. ఆమె చేతిలో 2,800 పెట్టాడు. 980 డబ్బాలోంచి, 1,820 తన జేబులోంచి. అందరికీ అదే లెక్క.

"గిదేంది సేటు? జీతం ఏరు, టిప్పు ఏరు గద?" అందామె.

"దేవుడిచ్చేది జీతమేనని అమ్మనే చెప్పింది గద. ఆయన కొంత ఇచ్చిండు, నేను కొంత ఇచ్చిన. లెక్క సరిపోయింది సూస్కో."

చూశాను. సరిపోయింది. అదే బాధ.

ఆ మరునాటి నుంచి డబ్బాలో సర్వర్లు పైసా వేయలేదు, గిరాకీలను కూడా డబ్బా దాకా రానివ్వకుండా బిల్లు డబ్బులు టేబుల్ దగ్గరే తీసుకుని చిల్లర అక్కడికే తెచ్చిచ్చారు. టిప్పులు మళ్ళీ జేబుల్లోకే పోయాయి. సెప్టెంబరు నెలాఖరుకు సేటు ఉత్సాహంగా తెరిపిస్తే ముప్ఫై నాలుగు రూపాయలు, "మా పిల్లకు సీటు రావాలె" అని రాసిన ఒక చీటీ ఉన్నాయి. మనిషికి నాలుగు రూపాయల ఎనభై ఐదు పైసలని చెప్పాను. సేటు మొహం చిన్నబుచ్చుకుని జీతాలు మొత్తం తనే ఇచ్చాడు. సర్వర్లు గెలిచారు. మాస్టరుకు, అతని అసిస్టెంటుకు కూడా సర్దుబాటు జరిగింది, ముక్కలు వాళ్ళ చేతిలో ఉన్నాయి కాబట్టి. మిగిలింది ఆమె ఒక్కతే. ఆమె చేతిలో ఉన్నవి ఎంగిలి గిన్నెలు.

అయితే ఆ గిన్నెల్లోనే సోంపు గిన్నెలు కూడా ఉంటాయని సర్వర్లు మరిచారు. ఆమె మరవలేదు. సెప్టెంబరు అయిదున జీతాలిచ్చిన మూడో రోజే సోంపు గిన్నెలు పన్నెండూ కడిగి, తన బకెట్లో పెట్టుకుని, దాని మీద పీట వేసుకుని కూర్చుంది.

"అక్కా, సోంపు గిన్నె. జల్దీ. నాలుగో టేబుల్."

"రూపాయి."

"ఏందీ?"

"గిన్నెకు రూపాయి. ఇస్తే తీస్కపో."

"గిరాకీ టిప్పు పెట్టకపోతే?"

"గది నీ కిస్మత్ బిడ్డా. గిన్నె నేనైతే కడిగిన గద."

ఆ సర్వర్‌కు పౌరుషం వచ్చింది. కాగితం ముక్కలో సోంపు పోసి పట్టుకెళ్ళాడు. నాలుగో టేబుల్ పెద్దమనిషి సోంపు తిన్నాడు, కాగితంతో మూతి తుడుచుకున్నాడు, గల్లా దగ్గరికి స్వయంగా వచ్చి నా చేత పదహారు రూపాయల చిల్లర ఎంచి తీసుకున్నాడు. చిల్లర వదలడానికి గిన్నె లేకపోతే మనిషికి వదలాలన్న సంగతే గుర్తురాదు. సాయంత్రానికి నలుగురు సర్వర్లూ రూపాయి బిళ్ళలు పట్టుకుని బకెట్ దగ్గర వరుసలో ఉన్నారు.

రోజుకు దాదాపు నలభై బిల్లులు. అయిదు వారాల్లో ఆమెకు 1,395 రూపాయలు వచ్చాయి. అన్నీ బిళ్ళలే. జూన్, జూలై పాళ్ళు 1,022 కలిపితే 2,417. షావుకారికి మూడు రూపాయలు తక్కువ. అన్ని బిళ్ళలు ఎంచలేక అతను ఆ మూడూ వదిలేశాడట. ఆ షావుకారి ఇచ్చిన టిప్పు అదొక్కటే అయుంటుంది.

బతుకమ్మ మొదటి రోజు ఆమె ఎప్పటికంటే అరగంట ఆలస్యంగా వచ్చింది. మనిషి కంటే ముందు చప్పుడు వచ్చింది. వంటింటి తడి బండల మీద గలగలమని నాలుగైదు అనవసరపు చుట్లు తిరిగింది. మాస్టరు గరిటె ఆపి, "అతుకు బాగ పెట్టిండక్కా," అన్నాడు.

సేటు అప్పుడే ఖాళీ డబ్బాకు అగరొత్తి వెలిగిస్తున్నాడు. ఆ పని రోజూ మానకుండా చేసేవాడు. చప్పుడు విని, సోంపు గిన్నె ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఈ నడుమ గీ గిన్నెలు మస్తు మెరుస్తున్నయి. ఏం కథ అమ్మా?"

"దేవుడి దయ," అన్నాను. ఇంకో మాట అంటే, ఆ గిన్నె రూపాయలను కూడా ఆమె జీతంలో కలుపుతాడు.