ఒక్క బొటనవేలు చాలు

రెండేళ్ల కింద గడ్డి కత్తిరించే మిషన్‌లో నా కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, మిగిలిన బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కలేక, ఇన్నాళ్లూ వాయిస్ మెసేజ్‌లే పంపాను. ఈ రోజు, వేలు ఎత్తకుండా అక్షరాల మీద జరుపుతూ రాసే కీబోర్డు ఫోన్‌లో వేసుకున్నాను. జహీరాబాద్‌లో మా విత్తనాల దుకాణంలో అది చూసి తమ్ముడు నవ్వాడు.

“గీ తిప్పలెందుకన్నా? మాట్లాడి పంపరాదు?”

“పొద్దుగాల మీ వదినను ఉత్తగనే కసిరిన. తప్పు నాదే అని చెప్పాలె. దుకాణంల అందరు ఇనాల్నా?”

నాలుగుసార్లు ఏవో పదాలు పడ్డాయి. వదల్లేదు. ఐదోసారి సరిగ్గా రాసి పంపాను. వెంటనే ఆమె జవాబు వచ్చింది: “ఎవరితోని రాయించినవ్?”

నేనే రాశాను. ఈ పోస్టు కూడా ఆ వేలితోనే రాశాను. పది వేళ్లున్న మగమహారాజులారా, మీ ఇంటావిడకు ‘తప్పు నాదే’ అని ఎప్పుడైనా రాశారా? కామెంట్లలో చెప్పండి.