పై బేరింగే ఎందుకరిగింది?

1943. యుద్ధం నడుస్తున్న రోజులు. మేడ్చల్‌లో నాగపూర్ రోడ్డు పక్కన, మా నాయిన కొలిమి ఉన్నచోటే, నేనొక రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు బాగుచేసేవాణ్ణి. ఒక పక్క నాయిన ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కిస్తుంటే, ఇంకో పక్క నేను కారు కిందికి దూరి నల్లనూనెలో స్నానం చేసేవాణ్ణి. ఆ రోజుల్లో మోటార్లు తక్కువ, వాటికి పెట్రోలు ఇంకా తక్కువ. కూపన్లుంటేనే పోసేవారు. ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి కొత్త సామాను రావడం ఆగిపోయింది. అరిగిన ముక్కనే సానబట్టి, కుదరకపోతే పోతపోసి, మళ్ళీ బిగించడమే మా పని. ఆ పని నాకు బాగా వచ్చునని కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ పొగరును షామీర్‌పేట కారొకటి మూడుసార్లు దించింది.

కారు జంగారెడ్డి పటేలుది. బొల్లారంలో ఉండే ఇంగ్లీషు దొర ఒకడు స్వదేశం పోతూ అమ్మేస్తే కొన్నాడు. పటేలు జన్మలో ఎక్కిన మోటారు అదొక్కటే. బస్సంటే కడుపులో తిప్పుతుందని దాని పొంతకు పోయేవాడు కాదు. కారు నడిపేవాడు మోయినుద్దీన్. నాకంటే చాలా పెద్దవాడు, నేను మోయిన్ భాయ్ అనేవాణ్ణి. అంతకుముందు ఇరవై ఏళ్ళు అల్వాల్‌కూ షామీర్‌పేటకూ మధ్య టాంగా తోలాడు. గుర్రం చచ్చిపోయాక పని లేక కూర్చుంటే, "జానవర్‌ను నడిపినోనికి మోటారెంత" అని పటేలే పిలిచి పని ఇచ్చాడట. బస్సు నడిపే చుట్టం దగ్గర కొన్నాళ్ళు నేర్చుకుని స్టీరింగు పట్టాడు.

మొదటిసారి వచ్చినప్పుడు రెండు రోగాలు చెప్పాడు.

"మేస్త్రీ, మూడో గేరు ఉట్టిగనే జారిపోతాంది. స్టీరింగు చక్రమేమో పైకి లేస్తాంది. చేతులకొస్తదేమోనని భయమైతాంది."

గేరు బాక్సు దించాను. మా వృత్తిలో నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే: విప్పిన వరుసలో గోనెపట్టా మీద పరచాలి, తిరుగు వరుసలో బిగించాలి. లోపల సెలెక్టర్ ఫోర్కు అని ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. గేరును పక్కకు జరిపేది అదే. జరిగిన గేరు జారకుండా ఒక స్ప్రింగూ చిన్న గుండూ పట్టి ఉంచుతాయి. స్ప్రింగు నీరసపడింది, ఫోర్కు ఒకవైపు అరిగింది. పనిలో పనిగా క్లచ్ ప్లేటు చూస్తే అది మాడి ఉంది. ఇంజనుకూ గేరు బాక్సుకూ మధ్య ఉండే ఈ ప్లేటు అంత తొందరగా మాడకూడదు.

తర్వాత స్టీరింగు బాక్సు విప్పాను. చక్రం తిప్పితే ఆ తిప్పుడును ముందు టైర్లకు అందించే డబ్బా అది. అందులో పెద్ద మరమేకు లాంటి వర్మ్ తిరుగుతుంది. అది పైకీ కిందికీ కదలకుండా పైన ఒకటి, కింద ఒకటి బేరింగులు కాపలా కాస్తాయి. కింది బేరింగు కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. పై దానికి మాత్రం మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. రోడ్డు దెబ్బలకు అరిగితే రెండూ అరగాలి కదా? పైదే ఎందుకరిగింది? చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. ఏమీ తోచలేదు.

ఇంకో వింత, డ్రైవరు సీటు వీపు వెనక్కి ఒరిగిపోయి ఉంది. గేరు, క్లచ్చి, స్టీరింగు, సీటు. ఒకదానికీ ఒకదానికీ చుట్టరికం లేదు. సరేలే, పాత కారు అనుకుని అన్నీ బాగుచేసి పంపాను. వెళ్ళేటప్పుడు మోయిన్ బానెట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి మరీ ఎక్కాడు. చూశాను గానీ పట్టించుకోలేదు.

నెల తిరగకముందే కారు మళ్ళీ వచ్చింది. అదే గేరు, అదే చక్రం. విప్పితే అదే పై బేరింగు. నాకు తిక్క రేగింది. మొదట నా చేతుల్నే అనుమానించాను, షిమ్ములు తక్కువ వేశానేమోనని. షిమ్ములంటే సందు పూడ్చడానికి వేసే పలుచని రేకు బిళ్ళలు. అవి సరిగానే ఉన్నాయి. తర్వాత, పోయినసారి నేను మార్చి వేసిన పాత బేరింగును అమ్మిన లష్కర్ బజారు దుకాణాన్ని అనుమానించాను. ఆ తర్వాత మోయిన్ నోరు వాసన చూశాను. పాన్ వాసన తప్ప ఇంకేమీ లేదు.

"ఎట్ల నడుపుతున్నవ్ మోయిన్ భాయ్?"

"సక్కగనే నడుపుతున్న మేస్త్రీ. అల్లా కసం."

బాగుచేశాక నేనే ఎక్కి షెడ్డు చుట్టూ తిప్పి చూశాను. వెన్నలా నడిచింది. అంతకంటే దూరం పోవాలంటే పెట్రోలు పటేలుది, కూపన్లు పటేలువి. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను.

మూడోసారి పటేలే స్వయంగా వచ్చాడు, ఎడ్లబండి మీద. మోయిన్ కారు నడుపుకుంటూ వెనకాల వచ్చాడు. పటేలు మోటారు ఉండీ ఎడ్లబండి ఎక్కాడంటే నాకు మొహం చెల్లలేదు.

"బ్రహ్మయ్యా, నా బిడ్డకు నెలలు నిండినయ్. కాన్పు కష్టమన్నరు, పట్నం దవాఖానకు తీస్కపోవాలె. నడుమల చక్రం ఊడితె ఎవల పానం పోతది? గీ ఒక్కపారి చూస్త. మల్ల గిదే రోగమొస్తె, మోటారు పాడుజేసేది గీ మోయినే అనుకుంట. లష్కర్ల ఇంకో డ్రైవరున్నడు, పిలిపిస్త. నీ షెడ్డు గుమ్మం గూడ మల్ల తొక్క."

మోయిన్ తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఇంట్లో భార్యా, మంచం పట్టిన తల్లీ ఉన్నారని నాకు తెలుసు. టాంగా అమ్మేశాడు, గుర్రం లేదు. ఈ పని పోతే ఆ వయసులో కూలికి పోవాల్సిందే.

ఈసారి ప్రతి బోల్టూ దేవుడి ముందు దీపం పెట్టినంత శ్రద్ధగా బిగించాను. అయినా నమ్మకం కుదరలేదు. పటేలును బతిమాలి ఒక మాట ఒప్పించుకున్నాను. కారును షామీర్‌పేట దాకా మోయిన్ నడుపుతాడు, పక్కన నేను కూర్చుంటాను.

"నాకు పరీచ్చనా మేస్త్రీ?" అన్నాడు మోయిన్.

"మోటారుకు పరీచ్చ. నీకు గాదు."

మొరం బాట మీద చక్కగా నడిపాడు. వంక పెట్టడానికి లేదు. చిన్న ఎత్తు వచ్చింది. మోయిన్ ఎడమచెయ్యి గేరు కర్ర మీద పడింది. "చల్ బేటీ, చల్" అంటూ దాన్ని ఎంతో ప్రేమగా చరిచాడు. ఇంకోసారి చరిచాడు. ఫోర్కు ఒకవైపే ఎందుకరిగిందో అప్పుడు తెలిసింది. నోరు తెరవబోయి, ఇంకా ఏముందో చూద్దామని మూసుకున్నాను.

షామీర్‌పేట చెరువు కట్ట ఎక్కాం. నీళ్ళలోంచి లేచిన బర్రె ఒకటి నింపాదిగా బాటకు అడ్డం వచ్చింది. అప్పుడు చూశాను. మోయిన్ రెండు కాళ్ళూ బిగదన్నాడు, ఒకటి బ్రేకు మీద, ఒకటి ఎత్తు దగ్గర్నుంచీ సగం తొక్కిపట్టిన క్లచ్చి మీద. వీపును సీటుకు ఆనించాడు. స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా గుండెల మీదికి గుంజాడు. మెడనరాలు తేలాయి. "హో... హో... హో బేటీ!" కారు ఆగింది. బర్రె మమ్మల్నొకసారి చూసి వెళ్ళిపోయింది.

క్లచ్చి, సీటు, పై బేరింగు అన్నీ ఒక్క క్షణంలో చుట్టాలైపోయాయి. ఆయన కారును ఆపడం లేదు, కళ్ళెం గుంజి గుర్రాన్ని ఆపుతున్నాడు. నిజానికి ఆపింది కాళ్ళు. ఆపామనుకున్నవి చేతులు.

"మోయిన్ భాయ్, స్టీరింగు ఎందుకు గుంజినవ్?"

"నేనా? గుంజిన్నా? తోబా తోబా. నేను బిరేకు తొక్కిన."

అబద్ధమాడే మొహం కాదది. నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చింది. పోనిమ్మన్నాను. కొంత దూరం పోగానే ఎదురుగా గడ్డిబండి. మళ్ళీ అదే గుంజుడు. "చేతులు తియ్యకు! గట్లనే ఉంచు!" అని అరిచాను. ఉంచాడు. తల వంచి చూసుకున్నాడు. మోచేతులు డొక్కలకు ఆనుకుని ఉన్నాయి, చక్రం ఛాతీ మీదికి వచ్చి ఉంది. ఎవరివో చేతుల్ని చూసినట్టు చూశాడు.

"గివి నా చేతులేనా మేస్త్రీ?"

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. ఇంజను ఆపి, దిగి, కట్టరాళ్ళ మీద కూర్చున్నాడు.

"గులాబీ నోరు నాకెరుక, నా చెయ్యి దానికెరుక. అది పోయిందని నాకు తెల్సు. చేతులకు ఇంకెవ్వరు చెప్పలే."

నేనూ దిగి ఆయన పక్కన కూర్చున్నాను. గులాబీ ఆయన గుర్రం. ఆయనే అడిగాడు.

"పటేలుకు చెప్తవా?"

మింగలేను, కక్కలేను. చెబితే ఈయన పని పోతుంది. చెప్పకపోతే ఆ పటేలు బిడ్డ వెనక సీట్లో ఉండగా చక్రం చేతుల్లోకి ఊడి వస్తుంది. అలవాటు మానుకో అందామంటే, తనకే తెలియని పనిని మనిషి ఎలా మానుకుంటాడు? పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో రాకపోయినా అంతపనీ చేసేలా ఉంది.

కారులోకి తొంగిచూస్తే హ్యాండ్ బ్రేకు ఇనుప కర్ర కనబడింది. వెనక చక్రాల్ని పట్టుకునే చేతి బ్రేకు అది. ఎక్కడో కిందికి, మోకాలి పక్కన దాక్కుని ఉంది. అదీ గుంజేదే కదా!

షామీర్‌పేట కమ్మరి మాకు దూరపు చుట్టం. ఆయన కొలిమిలో ఆ కర్రను కాల్చి, వంచి, సరిగ్గా మోయిన్ ఎడమచేతికి అందేలా నిలబెట్టాను. బ్రేకు కడ్డీలు బిగించాను. మోయిన్ ఇంటికి పోయి గులాబీ కళ్ళెపు తోలు తెచ్చి, కర్రకు తనే చుట్టాడు.

"చేతులకు గుంజబుద్ధయితె గిది గుంజు. గిది గుంజితె నిజంగనే ఆగుతది."

ధాన్యం నూర్చే ఖాళీ కళ్ళంలో ఆయనకు నేర్పాను. బర్రెను ఎక్కణ్ణుంచి తేను? నేనే బర్రెనై కారుకు అడ్డం ఉరికాను. మా కమ్మరి చుట్టం నవ్వలేక కొలిమి గట్టున కూలబడ్డాడు. మొదట్లో మోయిన్ చక్రమే గుంజాడు. తర్వాత ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు. పొద్దు వాలేసరికి ఎడమచెయ్యి తనంతట తాను తోలు దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. గేరు కర్రను చరవడం కూడా మాన్పించాలని చూశాను, సగమే కుదిరింది.

"ఏంది రోగం?" అని పటేలు అడిగాడు.

"స్టీరింగు మీద ఎక్కువ బరువు పడుతుండె పటేలా. చేతి బిరేకు దగ్గరికి జరిపిన. ఇగ రాదు." అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మోయిన్ నా వంక చూడకుండా కారు అద్దం తుడిచాడు.

నెల దాటింది, కారు రాలేదు. ఆ తర్వాత ఒకనాడు పటేలు అదే కారులో లడ్డూలు పట్టుకుని వచ్చాడు. బిడ్డకు కొడుకు పుట్టాడు, తల్లీపిల్లా క్షేమం. నా ఛాతీ రెండింతలైంది. పటేలు మోయిన్‌ను సోడాలు తెమ్మని బజారుకు పంపి, గొంతు తగ్గించాడు.

"బ్రహ్మయ్యా, మోయిన్‌ను మార్సాలె అనుకుంటున్న. నీకెరుకున్న డ్రైవరెవలన్న ఉన్నరా?"

"ఎందుకు పటేలా?"

"వానికి తాకత్ తగ్గింది. మునుపు అడ్డమేమన్నొస్తె ఎట్ల గుంజుతుండె! సీటు ఇరిగేటట్టు గుంజుతుండె. ఎనక కూసున్నోనికి నిమ్మళముండె. మొన్న బిడ్డ నొప్పులతోనుంటే అల్వాల్ కాడ బండి అడ్డమొచ్చింది. ఒక్క చెయ్యితోని, గింత కర్ర గుంజి ఆపిండు. నా పానం పోయినంత పనాయె. మోటారుకు గట్టిగ గుంజేటోడు కావాలె గద?"

నేను పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయాను.

"ఆయన గుంజేది మీకు ముందే ఎరుకనా?"

"దినాం చూస్తుంటి. గుంజకుంటె మోటారు ఎట్ల ఆగుతది?"

"మరి మూడుసార్లు విప్పితిని, ఒక్కనాడన్న చెప్పకపోతిరి!"

"నువ్వు అడిగినవా?"

నిజమే, అడగలేదు. బేరింగును అడిగాను, షిమ్ములను అడిగాను, పాన్ వాసనను కూడా అడిగాను. రోజూ వెనక కూర్చుని అంతా చూసే మనిషిని అడగలేదు. ఆ తర్వాత నా షెడ్డుకు ఏ బండి వచ్చినా, పానా పట్టేముందు నడిపేవాణ్ణీ ఎక్కేవాణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించేవాణ్ణి. ఆ కారు నేర్పిన విద్య అది.

పటేలును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించాను. తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు.

"కాలుతోనేనా?"

"కాలుతోనే పటేలా. చేతులకు పనిలేదు."

అంతలో సోడాలతో వచ్చిన మోయిన్, ఆ సీట్లో పటేలును చూసి అక్కడే ఆగిపోయాడు. మొహంలో నెత్తురు లేదు. పటేలు ఆయనను ఎగాదిగా చూశాడు.

"మోయిన్, గిన్ని దినాలు ఉట్టిగనే గుంజినవారా?"

"మాఫ్ చెయ్యిండ్రి పటేలా."

పటేలు పగలబడి నవ్వాడు. నవ్వి, సోడా తాగి, తానే వెనక సీట్లోకి జరిగి, "నడువ్, ఇంటికి" అన్నాడు. మోయిన్ తోలు చుట్టిన కర్రను ఒకసారి తాకి, కారు తీశాడు. ఆయన ఉద్యోగం నిలిచిందని నాకు అప్పుడు గానీ నమ్మకం కలగలేదు. నా కళ్ళు తడిశాయి.

మరుసటి ఏడు ఆ కారు మళ్ళీ వచ్చింది. గేరు బాగుంది. పై బేరింగు బాగుంది. డ్రైవరు సీటు వీపు మాత్రం వెనక్కి ఒరిగి ఉంది. ఈసారి పానా ముట్టుకోలేదు. ముందు మోయిన్‌ను అడిగాను, ఆయన కళ్ళతోనే పటేలు కూర్చున్న వెనక సీటు వైపు చూపించాడు.

"పటేలా, అడ్డమేమన్నొస్తె ఎనక కూసోని గీ సీటు పట్టి గుంజుతున్నరా?"

"నేనా?" అన్నాడు పటేలు.